యీవూ బజారులో టోకు సరుకు కొనడం: ఆర్డరు చీటీ దగ్గరే అంతా తేలుతుంది

చైనాలో జెజియాంగ్ ప్రావిన్సు, జిన్హువా పరిధిలో ఉన్న యీవూ ప్రపంచంలోనే అతిపెద్ద చిల్లర సామాను టోకు బజారు. జడపిన్నులు, గొడుగులు, బొమ్మలు, తాళాలు, సాక్సులు, ప్లాస్టిక్ పూలు, గోడగడియారాలు అన్నీ అక్కడే. దాదాపు 75 వేల దుకాణాలు. దుకాణానికి మూడే నిమిషాలు కేటాయించి రోజుకు ఎనిమిది గంటలు తిరిగినా అన్నీ చూసేసరికి ఏడాదీ మూడు నెలలు దాటుతుంది. అందుకని ముందు చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం అని వెళ్లేవాళ్లకు అలసట తప్ప ఏమీ మిగలదు. ఏ వస్తువు, ఎన్ని, ఏ ధర దాటితే మనకు గిట్టదు అన్న మూడు సంగతులూ కాగితం మీద పెట్టుకుని వెళ్లాలి.

ఇక్కడి వ్యాపారుల తీరు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. యీవూలో భూమి తక్కువ, అదీ సారం లేనిది. రైతులు చలికాలంలో బెల్లంబిళ్లలు కావడిలో వేసుకుని ఊళ్లు తిరిగి, వాటికి బదులు కోడి ఈకలు తెచ్చుకునేవారు. మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు, మిగిలినవి పొలానికి ఎరువుగా. 1982 సెప్టెంబరులో అప్పటి కౌంటీ పార్టీ కార్యదర్శి షియే గావ్‌హువా హయాంలో వీళ్ల బజారుకు అధికారికంగా అనుమతి దొరికింది. ప్రైవేటు వ్యాపారాన్ని దేశమంతా ఇంకా అనుమానంగా చూస్తున్న కాలమది. వస్తువు మీద పైసల లాభం, అమ్మేది మాత్రం లక్షల్లో అన్న పద్ధతి అప్పటి నుంచీ మారలేదు. చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టే వాళ్లను ఇక్కడ కొనేవాళ్లుగా లెక్కపెట్టరు. నూటికి మూడో అయిదో తగ్గిస్తే అదే గొప్ప. అంతకంటే ఎక్కువ తగ్గించారంటే సరుకులో ఏదో తగ్గిస్తున్నారన్న మాట.

ఎక్కడ ఏం దొరుకుతుంది

అంతర్జాతీయ వ్యాపార నగరం అని పిలిచే ప్రధాన బజారు అయిదు విభాగాలుగా ఉంటుంది, వాటిని జిల్లాలంటారు. మొదటి జిల్లాలో బొమ్మలు, కృత్రిమ పూలు, గిల్టు నగలు, జడ సామాను. రెండో దాంట్లో గొడుగులు, రెయిన్‌కోట్లు, సంచులు, సూట్‌కేసులు, పనిముట్లు, తాళాలు, వంటింటి సామాను, చిన్న కరెంటు వస్తువులు. మూడో దాంట్లో పెన్నులు, స్టేషనరీ, కళ్లద్దాలు, సౌందర్య సాధనాలు, ఆటసామగ్రి, జిప్పులు, గుండీలు. నాలుగో దాంట్లో సాక్సులు, టోపీలు, తువాళ్లు, బెల్టులు, లేసు. అయిదో దాంట్లో దిగుమతి సరుకు, పరుపులు, దుప్పట్లు, కారు సామాను. ఆరో తరం బజారు అని చెప్పుకునే డిజిటల్ వ్యాపార కేంద్రం 2025 అక్టోబరులో తెరిచారు.

దుకాణాలు సాయంత్రం అయిదు ప్రాంతానికి మూసేస్తారు. ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా, మళ్లీ ఒంటిగంట నుంచి నాలుగు దాకా పని సాగుతుంది. మధ్యలో అందరూ దుకాణంలోనే భోజనానికి కూర్చుంటారు, ఆ సమయంలో ధర అడిగితే అన్యమనస్కంగా చెప్పిన అంకె చేతికొస్తుంది.

ఇంకో సంగతి. దుకాణం యీవూలో ఉంటుంది, ఫ్యాక్టరీ మాత్రం తరచు వేరే ఊళ్లో ఉంటుంది. సాక్సులు జూజీ దగ్గరి దాతాంగ్‌లో, గొడుగులు షాంగ్యూ దగ్గరి సాంగ్‌షియాలో, ఫ్లాస్కులూ పనిముట్లూ యాంగ్‌కాంగ్‌లో, ప్లాస్టిక్ బొమ్మలు దూరాన గ్వాంగ్‌డాంగ్‌లోని చెంఘాయ్‌లో తయారవుతాయి. కంటైనరు నిండా ఒకే వస్తువు కావాలంటే నేరుగా ఆ ఊరికే వెళ్లడం మేలు. ఇరవై ముప్పై రకాలు కొన్ని కొన్ని పెట్టెల చొప్పున కలిపి ఒకే కంటైనరులో వేసుకోవాలంటే యీవూను మించింది లేదు. అసలు ఈ బజారు బలం అదే.

వెళ్లేముందు

వ్యాపార పనికి ఎం వీసా తీసుకోవాలి, దానికి చైనా వైపు నుంచి ఆహ్వాన పత్రం అడుగుతారు. షాంఘైలోని హాంగ్‌చియావ్ స్టేషను నుంచి వేగపు రైలులో గంటన్నర, రెండు గంటలు. హాంగ్‌జౌ నుంచి ఇంకా తక్కువ. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటలువాళ్లే చేస్తారు. తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే 24 గంటల్లోపు మీరే పోలీసు స్టేషనుకు వెళ్లి నమోదు చేసుకోవాలి.

ఫోనులో వీచాట్, అలీపే అనే చైనా చెల్లింపు యాప్‌లు బయల్దేరకముందే వేసుకుని, పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తిచేసి, విదేశీ కార్డు జత చేసుకోండి. విదేశీ కార్డుతో 200 యువాన్‌లు దాటిన చెల్లింపుకు 3 శాతం రుసుము పడుతుంది. కాబట్టి ఇవి టాక్సీకి, భోజనానికి, నమూనాలకే సరిపోతాయి, సరుకు డబ్బుకు కాదు. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. మీ దేశపు సిమ్ రోమింగులో పెట్టుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. దుకాణందారులతో మాటలన్నీ వీచాట్‌లోనే. ప్రతి దుకాణం కోడు స్కాన్ చేయగానే ఆ పేరు తీసేసి జిల్లా, అంతస్తు, దుకాణం నంబరు, వస్తువు పెట్టి మార్చుకోండి. లేకపోతే రెండో రోజుకే పువ్వుల బొమ్మలు పెట్టుకున్న నలభైమందిలో ఎవరు ఏం అమ్ముతారో తెలియదు.

దుకాణంలో మాట ఎలా నడుస్తుంది

లోపలికి వెళ్లగానే ధర అడిగితే అవతలి వాళ్లు "ఎన్ని పెట్టెలు?" అని ఎదురడుగుతారు. ఇక్కడ ధర పరిమాణాన్ని బట్టే, పరిమాణం పెట్టెల్లోనే. సిద్ధంగా ఉన్న సరుకయితే ఒకటి రెండు పెట్టెలు కూడా ఇస్తారు. తయారు చేయించాల్సినదయితే రంగుకో డిజైనుకో కనీసం ఇన్ని అని ఉంటుంది. సరుకు సిద్ధంగా ఉందా, ఆర్డరు మీద చేయాలా అన్నది ధరకంటే ముందు తేల్చుకోండి. గడువు, బయానా, నాణ్యత అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ధర క్యాలిక్యులేటరు మీద కొట్టి చూపిస్తారు. నోటితో చెబితే రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. "మూడు క్వాయ్ అయిదు" అంటే 3.50 యువాన్‌లు, 3.05 కాదు. బొటనవేలు, చూపుడువేలు చాచి చూపిస్తే అది ఎనిమిది, రెండు కాదు. బొటనవేలు, చిటికెనవేలు చాస్తే ఆరు. అనుమానం ఉంటే క్యాలిక్యులేటరు వాళ్ల చేతికే ఇవ్వండి.

ఫొటో తీసేముందు అడగాలి. డిజైను కాపీ కొడతారన్న భయంతో చాలా దుకాణాల్లో ఒప్పుకోరు. ఆర్డరు ఖాయం చేశాక మాత్రం నమూనాను చీటీ పక్కన పెట్టి ఫొటో తీసుకోండి, ఎవరూ కాదనరు.

చీటీలో ఏం రాయించాలి

దుకాణందారు మూడు ప్రతుల పుస్తకం తీసి, కార్బను మీద రాస్తారు: వస్తువు నంబరు, వర్ణన, పెట్టెకు ఎన్ని, ఎన్ని పెట్టెలు, ఒక్కోటి ధర, మొత్తం, బయానా, అందించే తేదీ. ఒక ప్రతి మీకు. ఈ వ్యాపారంలో ఒప్పందం అంటే ఈ కాగితమే. చీటీలో లేని ప్రతి విషయాన్నీ ఫ్యాక్టరీ తనకు చవకగా పడే పద్ధతిలో తేల్చేస్తుంది. దాన్ని మోసం అనుకోనక్కర్లేదు. పైసల లాభం మీద నడిచే చోట, అడగని పని ఎవరూ చేయరు.

మూడు మడతల గొడుగు తీసుకుందాం. మామూలుగా రాసే చీటీలో "గొడుగు, 11.5 యువాన్, 3,000" అని ఉంటుంది. ఇందులో మారిపోయే అవకాశం ఉన్నవి చూడండి. ఊచ పొడవు 55 సెంటీమీటర్లా, 53 అయినా సరేనా. ఊచలు ఎనిమిదా, ఆరా. ఊచల చివరి భాగం ఫైబర్‌గ్లాసా, పలచటి ఇనుమా. ఇనుమయితే మొదటి గాలివానకే వంగుతుంది. బట్ట 190టీ (నేత ఎంత దట్టమో చెప్పే అంకె) పాంజీయా, అంతకంటే నాసి పాలిస్టరా. లోపలి నల్లపూత ఉందా, లేదా. పిడి మీద రబ్బరు తొడుగు ఉందా, వట్టి ప్లాస్టిక్కేనా. ఒక్కో గొడుగు బరువు 320 గ్రాములు. రంగులు ఎన్ని, ఒక్కో పెట్టెలో ఏ రంగు ఎన్ని.

వీటిలో ఒకే ఒక్కటి రాయించడానికి అవకాశం ఉంటే బరువు రాయించండి. ఇనుము పలచన చేసినా, బట్ట తగ్గించినా ఆ తేడా తూకంలో బయటపడుతుంది, అబద్ధం చెప్పడం కష్టం. "320 గ్రాములు, 10 గ్రాములు అటూ ఇటూ" అని రాయిస్తే ఫ్యాక్టరీకి సంగతి అర్థమవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలకు, స్టీలు గ్లాసులకు, తువాళ్లకు కూడా ఇదే సూత్రం. "నమూనాలాగే ఉండాలి" అని రాయించినప్పుడు రెండు నమూనాలు తీసుకుని, రెండింటి మీదా ఇద్దరూ సంతకం పెట్టి, ఒకటి దుకాణంలో, ఒకటి మీ దగ్గర ఉంచుకోవాలి. నమూనా దుకాణంలోనే వదిలేసి వస్తే ఆ మాటకు విలువ లేదు. "ఏం పరవాలేదు, అలాగే వస్తుంది" అన్న నోటిమాటను కూడా అదే లెక్కలో వేయండి.

పెట్టె కొలత

కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఓడ కిరాయి ఘనపు మీటర్ల లెక్కన పడుతుంది కాబట్టి పెట్టె సైజు కూడా ధరలో భాగమే. పెట్టెకు 60 గొడుగులు, కొలత 60×35×28 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 0.0588 ఘనపు మీటరు. 50 పెట్టెలకు 2.94. ఘనపు మీటరుకు రవాణా 700 యువాన్‌లు పడుతుందని లెక్కవేస్తే గొడుగుకు 69 పైసలు, అంటే 0.69 యువాన్.

ఇప్పుడు గట్టిగా బేరమాడి గొడుగుకు 0.20 తగ్గించుకున్నారు. చీటీలో పెట్టె కొలత రాయించలేదు. ఫ్యాక్టరీ దగ్గర అందుబాటులో ఉన్న 66×38×32 పెట్టెలో సర్ది పంపింది. పెట్టె 0.080 అయింది, 50 పెట్టెలు 4.01 ఘనపు మీటర్లు, గొడుగుకు రవాణా 0.94. బేరంలో మిగిలిన 20 పైసలూ పోయి, ఇంకో 5 పైసలు చేతినుంచి పడ్డాయి. పైగా పెట్టె వదులుగా ఉండడంతో పైన బరువు పడి మూలలు నలుగుతాయి. అందుకే పొడవు, వెడల్పు, ఎత్తు, మొత్తం బరువు నాలుగూ చీటీలో ఉండాలి. అట్ట అయిదు పొరలదని కూడా రాయించండి, మూడు పొరలది ఓడ ప్రయాణానికి ఆగదు.

కంటైనరు లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇరవై అడుగులదానిలో లోపలి చోటు 33 ఘనపు మీటర్లు, రకరకాల పెట్టెలు సర్దితే వాస్తవంగా పట్టేది 28. నలభై అడుగుల ఎత్తుదానిలో 76కు 68. ఆర్డర్లు పెడుతున్నప్పుడే రోజూ సాయంత్రం కూడి చూసుకోకపోతే చివర్లో అయిదు మీటర్లు మిగిలిపోయి ఏదో ఒకటి కొనాల్సి వస్తుంది, లేదా అయిదు మీటర్ల సరుకు గోడౌనులోనే ఉండిపోతుంది.

బయానా, పన్ను, డబ్బు దారి

మామూలుగా 30 శాతం బయానా, మిగతా 70 సరుకు గోడౌనుకు చేరాక, తనిఖీ చేశాక. మన 34,500 యువాన్‌ల గొడుగులకు బయానా 10,350. చీటీలో ఈ బయానా ఏ అక్షరంతో రాశారో చైనా భాష తెలిసినవాళ్లతో చూపించుకోండి. వినడానికి ఒకేలా ఉండే రెండు రకాలున్నాయి. ఒకటి వట్టి అడ్వాన్సు. రెండోది 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పౌర స్మృతి ప్రకారం హామీ బయానా: మీరు మాట తప్పితే అది పోతుంది, అమ్మేవాళ్లు తప్పితే రెట్టింపు తిరిగివ్వాలి. అదీ ఒప్పంద మొత్తంలో 20 శాతం వరకే, అంటే ఇక్కడ 6,900 వరకే వర్తిస్తుంది. చిన్న మొత్తానికి కోర్టుకు వెళ్లడం దండగ. గొడవ వస్తే 2013లో యీవూలో ఏర్పడిన విదేశీ వివాదాల మధ్యవర్తిత్వ సంఘం ఉంది, అందులో విదేశీ వ్యాపారులు కూడా మధ్యవర్తులుగా ఉంటారు. చైనా చట్టం ప్రకారం ఇలాంటి మధ్యవర్తిత్వానికి రుసుము లేదు. అక్కడ కూడా మొదట అడిగేది చీటీనే.

దుకాణంలో చెప్పే ధరలో పన్ను ఉండదు, పన్ను బిల్లూ రాదు. చాలా సరుకులకు విలువ జోడింపు పన్ను 13 శాతం. బిల్లు కావాలంటే ధర పెరుగుతుంది. బిల్లు లేని చిల్లర సరుకు ఎగుమతి కోసమే 1039 అనే కస్టమ్స్ కోడు తెచ్చారు. దాని కింద ఒక డిక్లరేషను విలువ లక్షా 50 వేల డాలర్లు మించకూడదు, పన్ను మినహాయింపు ఉంటుంది, వాపసు మాత్రం ఉండదు. రకరకాల సరుకు కలిపిన కంటైనర్లు చాలావరకు ఈ దారిలోనే వెళతాయి.

డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపండి. మంచి రేటు ఇస్తామనే చీకటి మార్పిడివాళ్ల ద్వారా పంపిన డబ్బు ఏ ఖాతానుంచి వచ్చి పడుతుందో మీకు తెలియదు. అది ఏదైనా మోసం కేసులోని సొమ్మయితే పోలీసులు దుకాణందారు ఖాతాను స్తంభింపజేస్తారు, దాంతో మీ సరుకూ ఆగుతుంది. అలా దెబ్బతిన్నవాళ్లు యీవూలో తక్కువేమీ లేరు. మధ్యలో ఖాతా నంబరు మారిందని సందేశం వస్తే, దుకాణానికి వీడియో కాల్ చేసి ముఖం చూసి అడగనిదే పైసా పంపవద్దు.

ఏజెంటు, తనిఖీ

ఏజెంటు మీతో తిరిగి, చీటీలు రాయించి, సరుకు గోడౌనుకు తెప్పించి, కంటైనరులోకి ఎక్కించి, కాగితాలు చేసి పెడతారు. కమీషను 3 నుంచి 5 శాతం సాధారణం. ఒక శాతమే అన్నవాళ్లు, అసలు వద్దన్నవాళ్లు మిగతాది దుకాణం నుంచి తీసుకుంటారు, అది మీ ధరలోనే కలుస్తుంది. కమీషను ఎక్కువైనా సరే, చీటీ అసలు ప్రతి మీ చేతికి వచ్చే ఏజెంటు మంచిది. ప్రతులన్నీ తన దగ్గరే పెట్టుకుని, తర్వాత తన కాగితం మీద టైపు చేసిన జాబితా ఇస్తాననే వాళ్లతో పని పెట్టుకోకండి.

తనిఖీకి లెక్క ఉంది. చైనా ప్రమాణం జీబీ/టీ 2828.1, అంతర్జాతీయ ఐఎస్ఓ 2859-1 రెండూ ఒకే పట్టిక. మామూలు స్థాయిలో 3,000 గొడుగులకు 125 తీసి చూడాలి. ఒప్పుకోదగ్గ లోపాల పరిమితి (ఏక్యూఎల్) 2.5 అనుకుంటే ఏడు లోపాల దాకా ఒప్పుకోవచ్చు, ఎనిమిదో లోపం కనిపిస్తే మొత్తం లాటు వెనక్కి. ఆ 125 పైనున్న రెండు పెట్టెల నుంచే తీయకూడదు. లోపలి వరస నుంచి, కింది నుంచి కూడా తెప్పించి కనీసం ఎనిమిది పది పెట్టెలు విప్పాలి. ముందు పెట్టెను తూయండి, టేపుతో కొలవండి, తర్వాతే విప్పండి. తూకం ఒక కిలో తగ్గిన పెట్టెలో సంఖ్యయినా తగ్గి ఉంటుంది, సరుకయినా పలచబడి ఉంటుంది. గొడుగయితే పదిసార్లు తెరిచి మూయాలి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. మిగతా 70 శాతం ఇది పూర్తయ్యాకే.

పెట్టెల మీద గుర్తు చేతిరాతతో కాకుండా అచ్చువేయించండి: మీ గుర్తు, వస్తువు నంబరు, సంఖ్య, పెట్టె వరస. పేరున్న కంపెనీల కార్టూన్లు, చిహ్నాలు ఉన్న సరుకు జోలికి వెళ్లకండి. చైనా కస్టమ్స్ ఎగుమతి సరుకులో కూడా నకిలీలు పట్టుకుంటుంది, ఒక్క పెట్టె వల్ల కంటైనరంతా ఆగుతుంది. బ్యాటరీ, ద్రవం, అయస్కాంతం ఉన్నవి ముందే ఏజెంటుకు చెప్పాలి, వాటికి వేరే కాగితాలు కావాలి.

పంచాంగం చూసి ఆర్డరు పెట్టండి

వసంతోత్సవం, అంటే చైనా కొత్త సంవత్సరం, 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న. బజారు రెండు వారాలు మూసేస్తారు కాని ఫ్యాక్టరీ పని దానికంటే ముందే ఆగుతుంది, కూలీలు దూరపు ప్రావిన్సుల ఊళ్లకు వెళ్లిపోతారు. పదిహేనో రోజు దీపాల పండుగ అయ్యాక గాని పూర్తిగా తిరిగిరారు. అందరూ రారు కూడా. కొత్త చేతులు పడిన మొదటి నెల కుట్టులో, అతుకులో తేడాలు ఎక్కువ. పండుగకు నలభై అయిదు రోజుల ముందే తయారీ ఆర్డర్లు ముగించండి. ఆఖరి రెండు వారాల్లో ఒప్పుకున్న పని హడావుడిగా కానిచ్చేస్తారు, లారీ కిరాయిలూ పెరుగుతాయి. అక్టోబరు మొదటి వారంలో జాతీయ దినోత్సవ సెలవులకు బజారు తెరిచే ఉన్నా ఫ్యాక్టరీలు, బ్యాంకులు మందగిస్తాయి.

కంటైనరు సాధారణంగా నింగ్బో రేవు నుంచి వెళుతుంది. బిల్లు ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకుకు రసీదు) డ్రాఫ్టు ముందుగా మీకు పంపిస్తారు. పేరు, చిరునామా, పెట్టెల సంఖ్య, మొత్తం బరువు చీటీలన్నిటి కూడికతో సరిచూసి ఒప్పుకోండి. తర్వాత దిద్దాలంటే రుసుము కట్టాలి. అసలు కాగితాలు కొరియరులో రావాలా, టెలెక్స్ రిలీజ్ (అసలు కాగితం లేకుండానే సరుకు వదలమనే సందేశం) చాలా అన్నది మిగతా డబ్బు కట్టేముందే తేల్చుకోవాలి. అదే సరుకు మళ్లీ కావాలంటే పాత చీటీ ఫొటో వీచాట్‌లో పంపి, ధరతోపాటు బరువు, పెట్టె కొలత కూడా కొత్త చీటీలో తిరిగి రాయించి ఫొటో తెప్పించుకోండి.